తొంభై రోజులు నిండాక

పెళ్లి పత్రికలో ముహూర్తం లైను కొట్టడం పూర్తవకముందే కంప్యూటర్ తనంతట తానే ఆగిపోతుంది. ఆన్ చేస్తే మళ్లీ వస్తుంది. కానీ తెర మీద ఉండాల్సిన దేవుడి బొమ్మ ఉండదు, అంతా నలుపు. ఈ విండోస్ అసలుది కాదన్న హెచ్చరిక ఎన్నిసార్లు మూసినా పోకుండా అలాగే నిలబడి ఉంటుంది. గంట గడిచేసరికి మళ్లీ ఆగుతుంది. ఒకరు వైరస్ అంటారు, ఒకరు ఎస్‌ఎంపీఎస్ పోయిందంటారు, యూపీఎస్ మార్చమని ఇంకొకరు చెబుతారు. ర్యామ్ ఊడదీసి రబ్బరుతో తుడిచి మళ్లీ బిగిస్తారు. నిజానికి యంత్రంలో ఏ లోపమూ లేదు. అందులో ఎక్కించింది ట్రయల్ వెర్షన్, దాని గడువు అయిపోయింది. మైక్రోసాఫ్ట్ సంస్థ తన విండోస్ ఎంటర్‌ప్రైజ్‌ను 90 రోజుల పాటు వాడి చూసుకోమని ఉచితంగా ఇస్తుంది. ఆ గడువు దాటితే తెర నల్లబడుతుందనీ, గంటకోసారి కంప్యూటర్ ఆగిపోతుందనీ ముందే రాసి పెట్టింది కూడా. మొదటి రోజు నుంచే తెర కుడివైపు కింది మూలన, గడియారానికి కాస్త పైన, ఇంకెన్ని రోజులు మిగిలాయో సన్నని అక్షరాల్లో కనబడుతూనే ఉంటుంది. రోజూ కళ్ల ముందు ఉండే అక్షరాలు కొన్నాళ్లకు కంటికి ఆనవు.

విండోస్ 10కు ఉచిత భద్రతా సవరణలు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. పాతది పనికిరాదన్న మాట అందరి నోటా వినబడినప్పుడు కొత్తది ఎలా ఉంటుందో చూద్దామన్న కోరిక కలగడం సహజం. ఎంటర్‌ప్రైజ్ ట్రయల్ కంపెనీ సొంత సైటులోనే దొరుకుతుంది, క్రాక్ కాదు, పైసా ఖర్చు లేదు. ఇన్ని మంచి గుణాలున్న దాన్ని అనుమానించేవాళ్లు తక్కువ. అయితే అది పెద్ద సంస్థల్లో వేల కంప్యూటర్లు చూసుకునే సాంకేతిక సిబ్బంది తమ దగ్గరున్న అదనపు యంత్రం మీద పరీక్షించుకోవడానికి ఇచ్చిన సరుకు. కామారెడ్డిలో బస్టాండు దగ్గరి డీటీపీ సెంటర్‌లోనో, ఎల్లారెడ్డిలో పహాణీ నకళ్లు, కుల ధ్రువీకరణ దరఖాస్తులు చేసిపెట్టే నెట్ సెంటర్‌లోనో అదనపు యంత్రం ఎక్కడుంటుంది? ఉన్న ఒక్క కంప్యూటరే తిండి పెడుతుంది. కామారెడ్డి నుంచైతే 44వ నంబరు జాతీయ రహదారి ఉంది, రైలు ఉంది, నిజామాబాద్‌కో హైదరాబాద్‌కో తీసుకెళ్లి రిపేరు చేయించుకోవచ్చు. ఎల్లారెడ్డికి రైలు లేదు. సీపీయూను సంచిలో పెట్టుకుని లింగంపేట మీదుగా బస్సులో కామారెడ్డికి వెళ్లి, అక్కడ ఇచ్చి, రెండో రోజు మళ్లీ వెళ్లి తెచ్చుకోవాలంటే రెండు రోజుల పని పోయినట్టే. అందుకే ఇలాంటి ఊళ్లలో కొత్త సిస్టమ్ ఎక్కించే ముందే పాతదానికి తిరిగొచ్చే ఏర్పాటు చేతిలో ఉండాలని గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఆ ఏర్పాటు లేకుండా చేసేదాన్ని ట్రయల్ అనడానికి లేదు. అది ఉన్నదాన్ని వదిలేసుకోవడం.

ముందుగా, వదిలేసుకుంటున్నది ఏమిటో తెలియాలి. కంపెనీ లాప్‌టాప్ కొన్నప్పుడు అందులో వచ్చే విండోస్ ఉచితంగా వచ్చిందని చాలామంది అనుకుంటారు. దాని ధర లాప్‌టాప్ ధరలో కలిసే ఉంటుంది, డబ్బు కట్టేశాం. విండోస్ 7 రోజుల్లో దానికి రుజువు లాప్‌టాప్ అడుగున అతికించిన చిన్న స్టిక్కరు. చెమట చేతుల రాపిడికి దాని మీది ప్రొడక్ట్ కీ, అంటే తాళం చెవి లాంటి అక్షరాలూ అంకెలూ అరిగిపోయి ఎందరో ఇబ్బంది పడ్డారు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి ఆ తాళం చెవి యంత్రంలోనే, మదర్‌బోర్డు మీది చిప్‌లో రాసి ఉంటుంది. హార్డ్‌డిస్క్ మొత్తం తుడిచేసినా, కొత్త డిస్క్ బిగించినా అది చెక్కుచెదరదు. అదే రకం విండోస్‌ను మళ్లీ ఎక్కిస్తే చిప్‌లోని తాళం చెవిని అదే చదువుకుంటుంది, మనం ఏమీ కొట్టనక్కర్లేదు. ఇక్కడ ‘అదే రకం’ అన్న మాటను పట్టించుకోవాలి. మన దేశంలో అమ్మే లాప్‌టాప్‌లలో చాలావాటికి వచ్చేది హోమ్ సింగిల్ లాంగ్వేజ్ రకం. ఊళ్లో ఎవరో పెన్‌డ్రైవ్‌లో ప్రో రకం తెచ్చి ఎక్కిస్తే చిప్‌లోని తాళం చెవికీ దానికీ పొంతన కుదరదు. ‘యాక్టివేట్ చేయండి’ అని అడుగుతుంది, అప్పుడు క్రాక్ వెతుకుతారు. డబ్బు పెట్టి కొన్న అసలు హక్కు చిప్‌లో నిద్రపోతుండగా పైన దొంగ విండోస్ నడుస్తుంటుంది. సింగిల్ లాంగ్వేజ్ అంటే తెలుగు టైపు చేయలేమేమోనని భయపడి మార్చినవాళ్లూ ఉంటారు. ఆ భయం అక్కర్లేదు. మెనూలు, బటన్ల భాషకు సంబంధించిన పరిమితి మాత్రమే అది. తెలుగు కీబోర్డు ఎప్పటిలాగే పనిచేస్తుంది.

హక్కు పోదు సరే, మరి పోయేదేమిటి? తయారీదారు డిస్క్‌లో ఒక మూల కంటికి కనబడకుండా దాచిపెట్టే భాగం పోతుంది. హెచ్‌పీలో ఎఫ్11, ఏసర్‌లో ఆల్ట్‌తో పాటు ఎఫ్10, లెనోవోలో నోవో అనే చిన్న బటన్, ఇలా ఒక్కో కంపెనీ ఒక్కో మీట పెట్టింది. అది నొక్కితే కొన్న రోజు ఎలా ఉందో అలా తిరిగి నిలబెట్టే సరంజామా, టచ్‌ప్యాడ్, వైఫై, స్పీకర్ల డ్రైవర్లతో సహా ఆ భాగంలో ఉంటుంది. ట్రయల్ ఎక్కించేటప్పుడు డిస్క్‌లోని భాగాల జాబితా ఒకటి తెర మీదకు వస్తుంది. నాలుగైదు వరసలు, కొన్నింటికి పేరుండదు, సైజు కూడా చిన్నదే. ‘ఇవన్నీ చెత్త, డిలీట్ కొట్టు’ అని పక్కనుంచి ఎవరో అంటారు. ఆ పేరులేని వరసల్లో ఒకటే తిరుగు దారి. డిలీట్ నొక్కాక అదక్కడ ఉండేదన్న గుర్తు కూడా మిగలదు.

తుడిచేయకుండా పాత విండోస్ మీదే కొత్తదాన్ని అప్‌గ్రేడ్ చేసుకున్నవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. పాతదంతా సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి చేరుతుంది, సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి ‘గో బ్యాక్’ నొక్కితే తిరిగి వస్తుంది. దీని గడువు 10 రోజులే. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు ఈ గడువు 30 రోజులుండేది. వెనక్కి వెళ్లేవాళ్లలో ఎక్కువమంది మొదటి కొద్ది రోజుల్లోనే వెళ్లిపోతున్నారని చెప్పి 2016 ఆగస్టులో కంపెనీ దాన్ని 10కి తగ్గించింది. లెక్కగా చూస్తే వాళ్ల మాట నిజమే కావచ్చు, కానీ పని చేసుకునేవాడి లెక్క వేరు. రోజూ వాడేవి పనిచేస్తున్నాయో లేదో మొదటి రోజే తెలుస్తుంది. నెలకోసారి తీసే పెద్ద సైజు ప్రింటర్, పింఛన్ల వేళ మాత్రమే బయటికొచ్చే వేలిముద్ర యంత్రం, ఎప్పుడో ఒకసారి కావాల్సిన డిజిటల్ సంతకం పరికరం, వీటికి డ్రైవర్ లేదన్న సంగతి పదకొండో రోజునో ఇరవయ్యో రోజునో బయటపడుతుంది. ఆషాఢంలో అప్‌గ్రేడ్ చేసినవాడికి శ్రావణంలో పెళ్లి పత్రికలు వచ్చి పడ్డప్పుడు గానీ అసలు పరీక్ష ఎదురుకాదు. ఆ గడువును 60 రోజుల దాకా పెంచే ఆదేశం విండోస్‌లోనే ఉంది. అయితే పది రోజులు దాటకముందే దాన్ని ఇవ్వాలి. ఈలోగా జాగా సరిపోవడం లేదని డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫైళ్లను కూడా ఎంచుకుని నడిపితే ఆ పాత ఫోల్డరు పోతుంది, దాంతో పాటే ఈ అవకాశమూ పోతుంది. ఇదంతా అప్‌గ్రేడ్‌కే వర్తిస్తుంది. డిస్క్ తుడిచి 90 రోజుల ట్రయల్ ఎక్కించినవాళ్లకు వెనక్కి వెళ్లడానికి అలాంటి పాత ఫోల్డర్ ఏదీ మిగలదు.

‘రీసెట్ ఉంది కదా’ అన్న జవాబు అందరి దగ్గరా సిద్ధంగా ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువమందిని పొరబాటు పట్టించే మాట ఇదే. ఫోన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ కొడితే కొన్ననాటి స్థితికి వస్తుందని అలవాటుపడ్డాం. విండోస్ 10, 11లలో ‘రీసెట్ దిస్ పీసీ’ అలా పనిచేయదు. ఇప్పుడు కంప్యూటర్‌లో ఉన్న విండోస్ ఫైళ్లనే ఏరి తీసుకుని, వాటితోనే మళ్లీ కొత్తగా కడుతుంది. అంటే ట్రయల్‌లో ఉండి రీసెట్ కొడితే వచ్చేది శుభ్రమైన ట్రయలే. క్లౌడ్ నుంచి డౌన్‌లోడ్ చేయమని చెప్పినా ఇప్పుడున్న రకాన్నే తెస్తుంది. ఫైళ్లన్నీ పోగొట్టుకుని మూడు గంటలు కూర్చున్నాక అదే నల్ల తెర ఎదురైతే మనిషి పడే వేదన చిన్నది కాదు. గడువు తీరిన ట్రయల్ ఇలా చిక్కుల్లో పడేయడం ఇప్పటి సంగతీ కాదు. 2009 మేలో విండోస్ 7ను విడుదలకు ముందు పరీక్ష కోసం ప్రపంచమంతటికీ ఉచితంగా ఇచ్చినప్పుడు, 2010 మార్చి 1 నుంచి రెండు గంటలకోసారి ఆగిపోయేలా, జూన్ 1తో గడువు తీరిపోయేలా పెట్టారు. దాన్నే అసలుదిగా మార్చుకుందామనుకున్నవాళ్లకు డిస్క్ తుడిచి కొత్తగా వేసుకోమన్న సమాధానమే దొరికింది. ఎంటర్‌ప్రైజ్ ట్రయల్‌కు నేటికీ అదే వర్తిస్తుంది. మన లాప్‌టాప్ చిప్‌లోని హోమ్ తాళం చెవితో దాన్ని అసలుదిగా మార్చుకోలేం.

అసలు వెనక్కి ఎందుకు వెళ్లాలి, కొత్తది అలవాటు చేసుకోవచ్చు కదా అని చదువుకున్నవాళ్లు అడుగుతారు. డీటీపీ చేసేవాళ్ల సంగతి తెలిస్తే ఆ ప్రశ్న రాదు. తెలుగు నాట ఎన్నో ఏళ్లుగా పత్రికలు, కరపత్రాలు, పెళ్లి కార్డులు అను స్క్రిప్ట్ మేనేజర్‌తో, పేజ్‌మేకర్‌లో తయారవుతున్నాయి. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో. దాని తర్వాత పెద్ద వెర్షన్ ఏదీ రాలేదు. అను ఫాంట్లు యూనికోడ్ కంటే ముందు నాటి పద్ధతిలో పనిచేస్తాయి. ఇంగ్లిష్ అక్షరాలకు కేటాయించిన గదుల్లోనే తెలుగు గుణింతాలను, వత్తులను ముక్కలుగా కూర్చోబెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అదే ఫైలు తెరిస్తే ‘శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు’ ఉండాల్సిన చోట ఇంగ్లిష్ అక్షరాలు, చుక్కలు, డాలర్ గుర్తులు కలగాపులగంగా కనబడతాయి. పదిహేనేళ్ల పెళ్లి పత్రికల నమూనాలు, దేవాలయాల రసీదు పుస్తకాలు, గ్రామ పంచాయతీల నోటీసులు అన్నీ ఆ పద్ధతిలోనే దాచుకున్న మనిషికి ఆ ఫాంట్లూ ఆ ప్రోగ్రామూ నడిచే సిస్టమ్ అతని పెట్టుబడి. 16 బిట్ కాలపు ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో నడవవు. విండోస్ 11లో 64 బిట్ రకం తప్ప వేరేది లేదు. యూనికోడ్‌కు మారడం మంచిదే, మారాలి కూడా. విండోస్ ఎక్స్‌పీ నాడే, 2001లో, గౌతమి ఫాంటుతో తెలుగు యూనికోడ్ మన కంప్యూటర్లలోకి వచ్చింది. కానీ ఆ మార్పు ఒక్క రాత్రిలో, పండుగ ఆర్డర్ల మధ్య, గడువు తీరిన ట్రయల్ బలవంతం మీద జరగకూడదు.

భద్రత గురించిన అభ్యంతరాన్ని మాత్రం తేలిగ్గా తీసిపారేయలేం. సవరణలు ఆగిపోయిన విండోస్ 10కు తిరిగి వెళ్లమనడం అప్పటికే గొళ్లెం ఊడిన ఇంట్లోకి వెళ్లమనడమే కదా అంటే, ఇంటర్నెట్‌లో జనం ఆధార్ నంబర్లు, పట్టాదారు పాసుపుస్తకాల వివరాలు కొట్టే కంప్యూటర్ విషయంలో అది నిజం. పొడిగించిన సవరణల పథకంలో చేరితే మామూలు వాడకందారులకు 2026 అక్టోబర్ 13 దాకా కాస్త ఊపిరి ఉంది. కానీ ఈ అభ్యంతరం చివరికి నా వాదననే బలపరుస్తుంది. విండోస్ 10తో వచ్చిన లాప్‌టాప్‌కు అర్హత ఉంటే, అంటే టీపీఎం 2.0 చిప్, ఇంటెల్ అయితే దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆ పై ప్రాసెసర్ ఉంటే, దాని అసలు హక్కు మీద విండోస్ 11 ఉచితంగా వస్తుంది, గడువు లేకుండా వస్తుంది. ట్రయల్ నుంచి అక్కడికి నేరుగా దారి లేదు. ట్రయల్ తుడిచి, చిప్‌లో హక్కు ఉన్న రకానికి తిరిగి రావాలి. ముందుకు పోవాలనుకున్నవాడు కూడా వెనక్కి రావాల్సిందే. అర్హత లేని పాత యంత్రం డీటీపీకే వాడితే ఇంటర్నెట్ తీసేసి పాత సిస్టమ్‌తో నడుపుకోవచ్చు, పెన్‌డ్రైవ్‌ల దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి.

మరి కొత్తదాన్ని నష్టపోకుండా చూడటమెలా? మన రైతు కొత్త విత్తనం వస్తే ఏం చేస్తాడు? ఉన్న మూడెకరాలూ దున్ని అదే వేయడు. గట్టు పక్కన రెండు గుంటల్లో వేసి, మిగతా పొలంలో నమ్మకమైన రకమే పెట్టుకుంటాడు. తెలంగాణ ప్రభుత్వమూ అదే పని చేసింది. భూముల రికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూభారతిని 2025 ఏప్రిల్ 14న ప్రారంభించినప్పుడు రాష్ట్రమంతా ఒకేసారి అమలు చేయకుండా నాలుగు మండలాలను ఎంచుకుంది. వాటిలో ఒకటి కామారెడ్డి జిల్లా లింగంపేట, ఎల్లారెడ్డికి పక్క మండలమే. అక్కడ సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకుని చూశాకే మిగతా చోట్లకు వెళ్లారు. కంప్యూటర్‌లో ఆ రెండు గుంటల చెక్క దొరుకుతుంది. ఉబుంటు వంటి లినక్స్ రకాలను పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగులో తయారుచేసిన సిస్టమ్ కూడా ఆ కుటుంబానిదే. ‘ఇన్‌స్టాల్’ కాకుండా ‘ట్రై’ అన్నది ఎంచుకుంటే డిస్క్‌ను తాకదు, పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ ఆన్ చేస్తే పాత విండోస్ ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ట్రయల్ అన్న మాటకు ఇది సరైన అర్థమని నా అభిప్రాయం. విండోస్ ట్రయలే చూడాలనుకుంటే అదనపు ఎస్‌ఎస్‌డీ ఒకటి తెచ్చి, పాత డిస్క్ తీసి పక్కన పెట్టి, కొత్తదాని మీద ఎక్కించండి. నచ్చకపోతే పాతది బిగించుకోవడమే.

ఇంత తతంగం ఎందుకు, షాపులో ఇస్తే ఫార్మాట్ కొట్టి ఓఎస్ వేసిస్తారు అనేవాళ్లున్నారు. వేస్తారు, సాయంత్రానికే ఇస్తారు. సి డ్రైవ్‌లో డెస్క్‌టాప్ మీద పెట్టుకున్నవన్నీ పోతాయి. వేసింది ఏ రకమో, అందులో క్రాక్‌తో పాటు ఇంకేం చేరిందో షాపువాడికే తెలియకపోవచ్చు. కావాల్సినప్పుడు డౌన్‌లోడ్ చేసుకుందామనేవాళ్లు తమ రీచార్జిని ఒకసారి చూసుకోవాలి. విండోస్ 11 ఫైలు ఒక్కటే 5 జీబీకి పైన ఉంటుంది. రోజుకు 1.5 లేదా 2 జీబీ ఇచ్చే ఫోన్ హాట్‌స్పాట్ మీద అది మూడు నాలుగు రోజుల డేటా. పైగా ఆ ఫైలు అవసరమయ్యేది కంప్యూటర్ గంటకోసారి ఆగిపోతున్నప్పుడు. ఇక అసెంబుల్డ్ సీపీయూ కొన్నవాళ్లలో చాలామందికి తిరిగి వెళ్లడానికి అసలు హక్కంటూ ఏదీ ఉండదు, షాపువాడు ఏది ఎక్కిస్తే అదే. వాళ్లు బిల్లులో విండోస్ ఉందో లేదో చూసుకుని, లేకపోతే కొనుక్కోవాలి, లేదా లినక్స్‌కు వెళ్లాలి. మూడో దారి చెప్పలేను.

చేయాల్సింది ఒక్క పూట పని. హెచ్‌పీ, డెల్, లెనోవో తమ లాప్‌టాప్‌ల రికవరీ పెన్‌డ్రైవ్ తయారుచేసుకునే సాధనాలను ఉచితంగానే ఇస్తున్నాయి. మోడల్ నంబరో సీరియల్ నంబరో కొట్టి, 16 లేదా 32 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే చాలు. అయితే ఇది కొన్న రోజుకే తీసుకెళ్తుంది. అందులో అను ఉండదు, పేజ్‌మేకర్ ఉండదు, ప్రింటర్ సెట్టింగులూ ఉండవు. నిన్నటి రోజుకు తిరిగి రావాలంటే డిస్క్ మొత్తాన్ని సిస్టమ్ ఇమేజ్‌గా బయటి హార్డ్‌డిస్క్‌లోకి తీసుకోవాలి. డీటీపీ సెంటర్‌కు కావాల్సింది ముఖ్యంగా ఈ రెండోది. లాప్‌టాప్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ అయి ఉంటే దాని 48 అంకెల తాళం చెవిని కాగితం మీద రాసుకోవాలి. బయోస్‌లో చేయి పెట్టాక అది అడిగితే, ఆ అంకెలు లేనివాడికి తన ఫైళ్లు తనకే దక్కవు. వైఫై డ్రైవర్‌ను విడిగా పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి, ఎందుకంటే కొత్తగా ఎక్కించిన విండోస్‌కు ఒక్కోసారి వైఫై తెలియదు, వైఫై లేకుండా దాని డ్రైవర్ డౌన్‌లోడ్ కాదు. తిరిగి వచ్చాక స్టార్ట్‌లో విన్‌వర్ అని కొట్టి ఏ రకం వచ్చిందో చూడాలి, సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ చూడాలి, ఆ తర్వాత పాత పెళ్లి పత్రిక ఒకటి తెరిచి వత్తులు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూసి ఒక కాపీ ప్రింటు తీయాలి.

ఆ పెన్‌డ్రైవ్, హార్డ్‌డిస్క్ ఎక్కడ పెడతామన్నదీ ఆలోచించాల్సిందే. 2025 ఆగస్టు 27న, వినాయక చవితి నాడు పడిన వానకు కామారెడ్డి జిల్లా అర్గొండలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా కురిసింది. కామారెడ్డి పట్టణంలో కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. అలాంటి రోజున సీపీయూ, దాని పక్క సొరుగులోని పెన్‌డ్రైవ్ ఒకే నీళ్లలో మునుగుతాయి. పెన్‌డ్రైవ్‌కు చిన్న కాగితం అతికించి, లాప్‌టాప్ మోడల్, విండోస్ రకం, తయారుచేసిన తేదీ రాసి, 48 అంకెల కాగితంతో సహా ప్లాస్టిక్ కవర్లో మూతి బిగించి, సెంటర్‌లో కాకుండా ఇంట్లో, పట్టాదారు పాసుపుస్తకం పెట్టే చోట పెట్టండి.